కొర్లయ్య ముక్కుపోగు

మా షాపు తలుపు తీసే మనిషికి ముక్కుపోగు ఉండేది. కుడి ముక్కుకి రాగి తీగ చుట్టు, బఠానీ గింజంత. మొదటిసారి వచ్చినవాళ్ళు తలుపు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూసేవారు. రెండోసారి వచ్చినవాళ్ళకి అది కంటికి ఆనేది కాదు. పొడుగు మనిషి, ఉప్పుగాలికి బిరుసెక్కిన మొహం. మాట తక్కువ. అలాంటి మనిషి మొహమ్మీద ఏదున్నా కొన్నాళ్ళకి మొహంలో కలిసిపోతుంది.

పేరు కొర్లయ్య. ఊరు పూడిమడక. అనకాపల్లి మెయిన్ రోడ్డులో మూడంతస్తుల బట్టల షాపు తెరిచిన కొత్తలో, రెండువేల ఆరులో, మేమిద్దరం ఒక్కసారే చేరాం. అతను అద్దాల తలుపు దగ్గర. నేను ఆ పక్కనే, వచ్చినవాళ్ళ సంచులు తీసుకొని టోకెన్లు ఇచ్చే బల్ల దగ్గర. రోజంతా నిలబడే పని. కాళ్ళు నొప్పి పుడుతుంటే మాటలొస్తాయి. ఇంకా నొప్పి పుడితే ఆ మాటలూ ఆగిపోతాయి. మేం ఎక్కువగా ఆ రెండో రకం. నన్ను బావా అనేవాడు. కులం వేరు, ఊరు వేరు, అయినా ఆ పిలుపు ఎలా వచ్చిందో వచ్చింది.

పెళ్ళి పట్టుచీరల దగ్గర పనిచేసే సుజి అనే అమ్మాయి ఒకరోజు అడిగేసింది.

"అన్నా, మొగోలు ముక్కు కుట్టించుకుంటారేటి?"

"నేను కుట్టించుకోలేదు తల్లీ. కుట్టేసేరు" అన్నాడు కొర్లయ్య. అంతే. ఆ పిల్ల నవ్వి వెళ్ళిపోయింది.

దసరా ముందు విశాఖపట్నం నుంచి కొత్త మేనేజరు వచ్చాడు, త్రినాధరావు. చెడ్డవాడని చెప్పను. మధ్యాహ్నం క్యారేజీ నిలబడే తినేవాడు, మాలాగే. ఒక పొద్దున షాపు తెరవకముందే అందర్నీ కింద హాల్లో నిలబెట్టాడు.

"మన దగ్గరికి వచ్చేది ఫ్యామిలీలు. షాపంటే ముందు మీరు కనపడతారు, తరవాతే బట్ట. ఇవాళ్టి నుంచి మగవాళ్ళకి చెవికి గాని ముక్కుకి గాని ఏమీ ఉండకూడదు. చేతుల మీద పచ్చబొట్లు ఉన్నవాళ్ళు ఫుల్ చేతుల చొక్కా వేసుకోవాలి."

ప్యాంటు గుడ్డల దగ్గర పనిచేసే వెంకటరమణ ముంజేతి మీద ఒక ఆడపిల్ల పేరుంది. అది అతని పెళ్ళాం పేరు కాదు. "మంచి రూలండి. మా ఇంటికొచ్చి కూడా ఓసారి సెప్పండి" అన్నాడు. అందరూ నవ్వారు. రెడీమేడ్స్ కుర్రాడు శాంతికుమార్ చెవికున్న మెరుపు రాయిని అక్కడికక్కడే మర తిప్పి తీసి జేబులో పడేసుకున్నాడు. సరదాకి పెట్టుకున్నది తియ్యడానికి ఎంతసేపు పడుతుంది.

తరవాత మేనేజరు సుజి వైపు చూశాడు. "నీకు మాత్రం ఉండాలమ్మా. పెళ్ళి చీరలు చూపించే పిల్లవి, బొట్టూ ముక్కుపుడకా లేకపోతే ఎలా?"

"మేం క్రిస్టియన్స్ అండి. మా ఇంట్లో పెట్టుకోరండి."

"ఇంట్లో వద్దు. ఇక్కడ."

ఆ పిల్లకి అంటించుకునే ముక్కుపుడకలు ఒక అట్ట తెప్పించి ఇచ్చారు. పొద్దున వచ్చి అంటించుకునేది. ఇంటికెళ్ళేటప్పుడు తీసి బట్టలు మార్చుకునే గదిలో అద్దానికి అతికించేది.

చివరికి కొర్లయ్య దగ్గరికి వచ్చాడు. "నీదీ."

"రాదండి."

"రాదంటే?"

"ఎప్పుడూ తియ్యలేదండి."

"ఇప్పుడు తియ్యి."

కొర్లయ్య "అలాగేనండి" అన్నాడు. మర్నాడు ముక్కు మీద మందుల షాపు ప్లాస్టర్ అంటించుకొని వచ్చాడు. పోగు దాని కింద గుండ్రంగా ఉబ్బి ఉంది. మేనేజరు చూసి ఊరుకున్నాడు. రూలు ప్రకారం కనపడలేదు మరి.

ప్లాస్టర్‌తో వచ్చిన తిప్పలు పోగుతో ఎప్పుడూ రాలేదు. వచ్చిన ప్రతివాళ్ళూ ఆగేవారు. "ఏటయ్యింది నాయినా?" "కురుపా?" "పసుపు రాయించు బాబూ, ముక్కు మీద కురుపు మంచిది కాదు." ఒక చంటిపిల్ల అతని మొహం చూసి ఏడుపందుకుంటే వాళ్ళమ్మ మెట్ల మీంచే వెనక్కి తిప్పేసింది. ఆ బేరం పోయింది. కొర్లయ్య అందరికీ "ఏటీ లేదండి" అనేవాడు. రోజంతా అదే మాట.

మేనేజరు పిలిచాడు. "దీనికంటే పోగే నయంలా ఉందయ్యా. రెండూ వద్దు. దసరా సేల్ మొదలయ్యేలోపు తీయించెయ్. లేదంటే వేరే మనిషిని చూసుకుంటాం."

ఆ మధ్యాహ్నం మెట్ల కింద కూర్చొని అన్నం తింటుంటే నేనన్నాను, "తీయించెయ్ బావా. ఏటవుతుంది?"

"నాకేటీ అవదు. మాయమ్మకే."

అప్పుడు చెప్పాడు. అతని ముందు నలుగురు పుట్టి పోయారు. ఏడాది నిండినవాడు ఒక్కడూ లేడు. ఇతను పుట్టగానే తల్లి చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టేసి వెనక్కి చూడకుండా ఇంట్లోకి పోయింది. అనుకున్న ప్రకారం ఆ వీధిలోనే ఒకావిడ వచ్చి, ఎవరో పారేసిన పిల్లడన్నట్టు ఏరుకుంది. ఆవిడ దగ్గర తల్లి దోసెడు నూకలిచ్చి కొనుక్కుంది. ఏరుకున్నావిడే ముక్కు కుట్టించింది. పారేసిన పిల్లణ్ణి, ముక్కు కుట్టినవాణ్ణి, చావు కూడా ముట్టదని. పేరు కొర్లయ్య అయినా ఇంట్లో ఇప్పటికీ పెంటోడే.

"పెద్దయ్యేక తీసేత్తారు కొంతమంది. మాయమ్మ తియ్యనివ్వలేదు" అన్నాడు.

"మరి ఉద్యోగం పోతే?"

"ఏటుంది, వల ఉంది. పడవ మీదికి ఎవలైనా రమ్మంటారు."

"సముద్రం మానిపించింది ఆవిడే కదా?"

"అదే మరి."

అతని చిన్నాన్న కొడుకు ఎక్కిన పడవ ఒడ్డుకి వస్తూ వస్తూ కెరటాల్లో తిరగబడింది. శవం రాజయ్యపేట వైపు తేలింది. ఆ కబురు విన్నాక ముసలమ్మ, అంటే కొర్లయ్య తల్లి, అన్నం మానేసి కూర్చుంది. కొడుకు పడవ ఎక్కనని మాటిచ్చాకే గంజి తాగింది. ఆ మాట మీదే అతను మా షాపు తలుపు దగ్గరికి వచ్చి పడ్డాడు. వారమంతా గవరపాలెంలో అద్దె గదిలో ఉండి, సెలవు రోజున ఊరెళ్ళేవాడు. ఇప్పుడు షాపులో ఉండాలంటే ముక్కుపోగు తియ్యాలి, ముక్కుపోగు ఉంచుకుంటే సముద్రానికి వెళ్ళాలి. రెండూ ఆవిడ భయాలే.

"అడిగి సూడు" అన్నాను.

"నువ్వు కూడా రా బావా. నాకు నోరు రాదు."

సెలవు రోజున ఇద్దరం బస్సెక్కాం. వాళ్ళ ఇంటి ముందు ఇసకలో చేపలు ఎండబోసి ఉన్నాయి. ముసలమ్మ కర్ర పట్టుకొని కాకుల్ని తోలుతోంది. ఎండిన మనిషి, చేతులకి మోచేతుల దాకా పచ్చబొట్లు. మమ్మల్ని చూసి కర్ర దించలేదు.

కొర్లయ్య చెప్పలేకపోయాడు. నేనే చెప్పాను. ఆవిడ అంతా విని, "షాపోడు ముక్కు సూసి జీతవిత్తాడేటి?" అంది.

"ముక్కు సూసి ఇవ్వడమ్మా. ముక్కు సూసి మానిపించేత్తానంటన్నాడు."

"ఆడి పెళ్ళానికి లేదేటి ముక్కు?"

"ఆడోలకి పరవాలేదంట."

"ఓలమ్మో, ఏటి రూలో!" అంటూ వంగి చేపల్ని ఒక్కొక్కటీ తిరగేసింది. వరస చివరిదాకా వెళ్ళి, అక్కడినుంచి అడిగింది. "మానీమంటే ఏటి సేత్తావురా పెంటీ?"

"ఏటి సేత్తాను. ఎల్తాను."

ఎక్కడికని ఆవిడ అడగలేదు. ఒక కాకి దిగి చేపని ఎత్తుకుపోయింది. ఆవిడ కర్ర లేపలేదు.

కాసేపటికి అంది, "నన్నడుగుతారేటి? ఆడు నావోడు కాదు. కుప్ప మీద ఒగ్గేసేను. ఏరుకున్నది అప్పలనర్సమ్మ. నూకలిచ్చి తెచ్చుకున్నాను గాని, ఇన్నేల్లలో నా కొడుకని ఎవలి కాడా నోరు జారలేదు. సావుకి వినపడిపోద్దని. కుట్టించింది అప్పలనర్సమ్మ. తీత్తే అదే తియ్యాల."

నాలుగిళ్ళవతల అప్పలనర్సమ్మ ఇల్లు. ముసలమ్మ కూడా మాతో వచ్చింది. మొగుడి జబ్బప్పుడు ప్రార్థనల్లో కలిసింది, ఇప్పుడు ఆదివారం చర్చికి వెళ్తుంది. గోడకి వాక్యం రాసిన క్యాలెండరు ఉంది. కొడుకు ఎలియాజరు కరెంటు పని చేస్తాడు, గుమ్మంలో ఫ్యాను విప్పుకొని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి, "ఏటి బావా, షాపోడు ముక్కు కోసేత్తానన్నాడంటగా?" అన్నాడు. కబురు మాకంటే ముందే చేరింది.

అప్పలనర్సమ్మ మంచమ్మీద లేచి కూర్చుంది. సంగతి విని తేలిగ్గా చెయ్యి ఊపింది.

"అయ్యన్నీ ఎప్పటి మాటలే ముసలమ్మా. నానిప్పుడు నమ్మట్లేదు. పెబువు సూసుకుంటాడు. తీసీమను."

"అయితే తియ్యి" అంది ముసలమ్మ.

"నానెందుకు? ఆడే తీసుకుంటాడు. మీసాలొచ్చిన మొగోడు."

"ఏరుకున్నది నువ్వు."

"ఏరుకున్నాను, ఇచ్చీసేను."

"నమ్మట్లేదన్నావు కదే. నమ్మనోలికి భయవేటి? సెయ్యి రాదేటి?"

అప్పలనర్సమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎలియాజరు లేచి, "ఈ పాటిదానికి మీటింగేటి? కటింగ్ ప్లేరుంది, నేను తీసేత్తాను" అన్నాడు.

"ముట్టేవంటే సెయ్యి నరికేత్తాను" అంది అప్పలనర్సమ్మ. ఆ మాటతో అందరికీ అర్థమైంది. ఆవిడ నమ్మనిది నోటితోనే.

కొర్లయ్య గుమ్మానికి ఆనుకొని నిలబడి ఉన్నాడు. అక్కడ మాట్లాడుతున్నది తన గురించి కానట్టే ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి. నాకు కాళ్ళు లాగుతున్నాయి. పోనీ ఇంకో రోజు వద్దాం అని అనబోయాను.

"కూకో ఇలగ" అంది అప్పలనర్సమ్మ. కొర్లయ్య ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆవిడ కొంగు తల మీదికి లాక్కొని, అతని తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

"పెబువా, ఈ గుంటణ్ణి నాను పెంట మీదనుంచి ఎత్తుకున్నాను. నా కాడ్నించే ఆల్లమ్మ కొనుక్కుంది. ముందు నలుగుర్ని తీసుకుపోయేవు. నాలుగు మాట్లూ నానే గొయ్యి కాడ నిలబడ్డాను. సాలు. ఈడు నీ వోడే. ఈ పోగు తీసేత్తన్నాను. ఈడి మీద సెయ్యెయ్యకు. ఆమెన్."

"ఆమెన్" అన్నాడు ఎలియాజరు. ముసలమ్మ మొహం గోడవైపు తిప్పుకొని ఉంది.

కొబ్బరినూనె రాసి తిప్పి చూశారు. పోగు తిరగలేదు. చివరికి ప్లేరుతో తీగ కత్తిరించాల్సి వచ్చింది. ప్లేరు జారుతుంటే కొడుకు ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు గాని ప్లేరు పట్టుకోలేదు. టక్కుమంది. ఒక నెత్తురు చుక్క వచ్చింది. తీగ లోపలి వైపు ఆకుపచ్చగా చిలుమెక్కి ఉంది. దాన్ని ఎవరూ చేత్తో ముట్టుకోలేదు. ఎలియాజరు ప్లేరు నోట్లో ఉన్నదున్నట్టే తీసుకెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి సముద్రంలోకి విదిలించి వచ్చాడు.

"అయిపోయిందా?" అంది ముసలమ్మ గోడవైపు నుంచే.

"అయిపోయింది."

తిరిగి వచ్చే బస్సులో అచ్యుతాపురం దాటాక కొర్లయ్య మొహం కిటికీకి పెట్టాడు. ఆ తరవాత, "ఊపిరి సల్లగా తగులుతోంది బావా" అన్నాడు.

మర్నాడు మేనేజరు అతన్ని వెలుతుర్లోకి తిప్పి చూశాడు. "చూడు, ఇప్పుడు మనిషిలా ఉన్నావు. ఆ చిల్లు కూడా ఒకటి, కాస్త పౌడరు రాస్తే పోతుందిలే." కొర్లయ్య పౌడరు రాసుకున్నాడు. నల్ల మొహమ్మీద ముక్కు ఒక్కటే తెల్లగా ఉంటే సుజి తడిగుడ్డ తెచ్చి తుడిచి పంపింది.

సేల్ మొదలయ్యింది. రెండో రోజో మూడో రోజో, మిట్టమధ్యాహ్నం, రోడ్డుకి ఆవల మూసి ఉన్న కొట్టు మెట్ల మీద ముసలమ్మ కూర్చొని ఉంది. పక్కన ఎండుచేపల తట్ట. కొర్లయ్య చూశాడు. నేనూ చూశాను. ఆవిడ చెయ్యి ఊపలేదు, పిలవలేదు. అద్దాల వెనక కొడుకు తలుపు తీస్తూ వేస్తూ ఉంటే చూస్తూ కూర్చుంది. బస్సు వేళకి తట్ట ఎత్తుకొని వెళ్ళిపోయింది.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పూడిమడక నుంచి రెండు బస్సులు మారి, ఆ ఎండలో. ఒకసారి నేను టీ తీసుకెళ్ళి ఇచ్చాను.

"ఉన్నాడా?" అంది.

"కనపడతన్నాడు కదమ్మా, అదిగో."

"కనపడతన్నాడు. అయినా నువ్వు సెప్పు."

"ఉన్నాడమ్మా. బాగున్నాడు."

అప్పుడు టీ తాగింది.

కొర్లయ్య కూడా డీలాపడిపోయాడు. రాత్రి పూట గదిలో నిద్ర పట్టడం లేదనేవాడు. ఆవిడ వచ్చేదాకా ఒక కన్ను రోడ్డు మీద, వచ్చాక ఒక కన్ను మెట్ల మీద. తలుపు తియ్యడం ఆలస్యమయ్యేది. ఇంతకంటే సముద్రమే నయమేమో అని ఒకటి రెండుసార్లు అన్నాడు. నేను ఊఁ కొట్టాను. 

మేనేజరు కంటపడకుండా ఎన్నాళ్ళుంటుంది. "ఎవరావిడ? ఎదురుగా చేపల తట్ట పెట్టుకొని రోజూ కూచుంటుంది. కస్టమర్లు ముక్కు మూసుకొని వస్తున్నారు."

"మాయమ్మండి."

"రావద్దని చెప్పు."

కొర్లయ్య చెప్పలేదు. రెండు రోజులు చూసి మేనేజరు మళ్ళీ పిలిచాడు. ఈసారి నా బల్ల దగ్గరే. "చెప్పావా?"

"లేదండి."

"అయితే నిన్ను వెనక గోడౌన్‌లోకి మారుస్తాను. అక్కడైతే ఆవిడకి నువ్వు కనపడవు, ఆవిడే మానేస్తుంది. జీతం అదే. బట్టల బేళ్ళు దించుకోవడమే పని."

కొర్లయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కోపంగా అనలేదు. అలిసిపోయినవాడు అన్నట్టే అన్నాడు.

"గోడౌన్లో ముక్కు ఎవలికి కనపడుతుందండి? అప్పుడే అక్కడ ఎయ్యాల్సింది."

మేనేజరు నా బల్ల మీది టోకెన్లు రెండు తీసి, తిప్పి చూసి, ఉన్నచోటనే పెట్టాడు. "ఆ తట్ట ఒకటి ఎక్కడైనా దూరంగా పెట్టమను" అని మేడ మీదికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

ముసలమ్మ తట్ట చేపల బజారులో ఎవరి దగ్గరో పెట్టి రావడం మొదలుపెట్టింది. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. రోజూ వచ్చే మనిషి రోజు విడిచి రోజు రాసాగింది. తరవాత వారానికి రెండుసార్లు. వచ్చినా ఎక్కువసేపు కూర్చునేది కాదు. ఒక్కోసారి మెట్లకి చేరగిలబడి కునుకు తీసేది. లేచి, ఒకసారి ఇటు చూసి, బస్సుకి వెళ్ళిపోయేది.

ఆ తరవాత ఒక వారం, సెలవు రోజు దగ్గరపడుతున్నా, ఒక్కసారీ రాలేదు.

"అమ్మ రాలేదు బావా" అన్నాడు కొర్లయ్య.

"ఎండకి రాలేకపోయుంటుంది."

"మబ్బుగా ఉంది కదా."

మధ్యాహ్నం పక్క టీ కొట్టులో ఉన్న కాయిన్ బాక్సు నుంచి వాళ్ళ ఊళ్ళో నూకరత్నం కొట్టుకి ఫోను చేశాడు. ఆవిడ వెళ్ళి ముసలమ్మని పిలుచుకొచ్చేదాకా రూపాయి మీద రూపాయి వేస్తూ నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. అవతలి గొంతు నాకూ వినపడుతోంది.

"అమ్మా, బాగున్నావా? రాలేదేటి?"

"ఒళ్ళు నొప్పులురా. బస్సులెక్కలేకపోతన్నాను. అయినా నాను రాడవెందుకు, నువ్వు బాగానే ఉంటావులే."

"ఏటీ?"

"బాగానే ఉంటావంటన్నాను. అన్నం తిను. ఫోనెట్టేయ్, నూకరత్నానికి పనుందంట."

కొర్లయ్య ఫోను పెట్టేసి చేతిలో మిగిలిన రూపాయి బిళ్ళలు లెక్కపెడుతూ నిలబడ్డాడు. టీ కొట్టువాడు, "ఇంకెవలికైనా సేత్తావేటి?" అని అడిగితే పక్కకి జరిగాడు.

"ఆ మాట నేనెప్పుడూ ఇనలేదు బావా, ఆవిడ నోట" అన్నాడు.

"మంచిదే కదా. భయం తీరింది."

"తీరిందో, ఇసుగొచ్చిందో. ఇన్నేల్లూ నా భయం కూడా ఆవిడే పడీది."

ఆ సాయంత్రం డ్యూటీ దిగాం. నేను సైకిలు తీసుకొని వచ్చేసరికి అతను రోడ్డు వారన నిలబడి ఉన్నాడు. అవతలకి దాటితేనే గవరపాలెం. బెల్లం లారీలు వరసగా పోతున్నాయి. అవి పోయాక ఆటోలు. అవీ పోయాక రోడ్డు ఖాళీ అయింది. అతను కదల్లేదు. మళ్ళీ లారీలు వచ్చాయి, మళ్ళీ పోయాయి. కెరటం చూసుకొని పడవ తోసిన మనిషి, మెయిన్ రోడ్డు మీద ఒక కాలు ముందుకేసి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"దాటవేటి బావా?"

"దాటతాను. నువ్వెళ్ళు."

నేను వెళ్ళలేదు. సైకిలు స్టాండు వేసి, అతని మోచెయ్యి పట్టుకొని అవతలకి దాటించి, మళ్ళీ వెనక్కి వచ్చాను.